ఇసుక రేణువంత కెపాసిటర్‌కు ఇంత గిరాకీ ఎందుకు?

ఉన్నట్టుండి ఆగిపోయిన ఫోనును మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తే, అనుభవమున్న మెకానిక్ చేసే పని ఒకటుంది. ఫోను విప్పి, లోపలి సర్క్యూట్ బోర్డు మీద సోల్డరింగ్‌కు వాడే రోజిన్ పొగ పట్టిస్తాడు. బోర్డంతా తెల్లగా నూగు పట్టినట్టు అవుతుంది. తర్వాత చాలా తక్కువ వోల్టేజితో కరెంటు ఎక్కిస్తాడు. తెల్లటి ఆ పూత ఎక్కడ ముందుగా కరిగితే అక్కడ వేడి పుడుతోందని, అంటే తప్పు అక్కడే ఉందని అర్థం. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే చాలాసార్లు కనిపించేది ఓ గోధుమరంగు నలుసు. పట్టకారుతో దాన్ని తీసి పారేస్తాడు. ఫోను వెలుగుతుంది.

ఆ నలుసు పేరు మల్టీలేయర్ సెరామిక్ కెపాసిటర్. పరిశ్రమలో అందరూ ఎంఎల్‌సీసీ అంటారు. దాన్ని తీసేశాక కూడా ఫోను పనిచేసిందంటే అది అనవసరమైనదని కాదు. అదే పనికి పక్కనే మరో నాలుగైదు ఉన్నాయని. ఒక్క స్మార్ట్‌ఫోనులోనే ఇవి సుమారు 800 నుంచి 1000 దాకా ఉంటాయి. ఎలక్ట్రిక్ కారులో 10,000 వరకూ ఉండొచ్చని పరిశ్రమ అంచనా. ప్రపంచమంతా కలిపి ఏడాదికి తయారయ్యేవి కొన్ని లక్షల కోట్లు. చాలా రకాల ధర రూపాయి లోపే. చిప్‌ల కొరత గురించి పత్రికల్లో పేజీలకు పేజీలు వచ్చాయి కానీ, ఆ చిప్ చుట్టూ కాపలా కాసే ఈ నలుసుల గురించి పెద్దగా ఎవరూ రాయరు. ఇవి లేకపోతే ఎంత ఖరీదైన చిప్ అయినా పనిచేయదు.

చిప్ పక్కన నీళ్ల ట్యాంకు

అపార్ట్‌మెంటులో ఉదయం ఏడు గంటలకు అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పుతారు. మున్సిపాలిటీ గొట్టం నుంచి నేరుగా అన్ని నీళ్లు అంత వేగంగా రావు. మేడమీద ట్యాంకు ఉంది కాబట్టి సరిపోతుంది. గొట్టం తన తీరున తాను నెమ్మదిగా ట్యాంకును నింపుతూ ఉంటుంది.

ఫోనులోని ప్రాసెసర్‌ది కూడా ఇదే పరిస్థితి. అందులోని కోట్లాది ట్రాన్సిస్టర్లు సెకనుకు వందల కోట్లసార్లు స్థితి మారుస్తుంటాయి. ఒక క్షణం ఖాళీగా ఉన్న చిప్, మరుక్షణం బోలెడంత కరెంటు అడుగుతుంది. ఆ క్షణం అంటే సెకనులో వందకోట్లో వంతు. బ్యాటరీ ఉన్నది కొన్ని సెంటీమీటర్ల దూరంలో. ఆ దూరమే ఎక్కువ. ఏ తీగకైనా ఇండక్టెన్స్ అనే గుణం ఉంటుంది: కరెంటులో వచ్చే ఆకస్మిక మార్పును అది అడ్డుకుంటుంది. బ్యాటరీ నుంచి కరెంటు వచ్చేలోగా చిప్ దగ్గర వోల్టేజి పడిపోతుంది, లెక్క తప్పుతుంది. అందుకే చిప్‌కు మిల్లీమీటర్ల దూరంలో, కొన్నిసార్లు సరిగ్గా దాని అడుగునే, కెపాసిటర్లను బారులు తీరుస్తారు. ముందే నింపుకున్న విద్యుదావేశాన్ని అవి అప్పటికప్పుడు ఇస్తాయి, తర్వాత తీరిగ్గా బ్యాటరీ నుంచి నింపుకుంటాయి. విద్యుత్తులో కలిసొచ్చే రొదను వడకట్టడం, రేడియో తరంగాల్లో కావలసిన పౌనఃపున్యాన్ని ఎంచుకోవడం కూడా కెపాసిటర్ల పనులే. అయినా సంఖ్యాపరంగా ఎక్కువ భాగం ఈ ట్యాంకు ఉద్యోగంలోనే ఉంటాయి.

గూడూరు కాకిబంగారం

కెపాసిటర్ నిర్మాణం ఇంటర్ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. ఎదురెదురుగా రెండు లోహపు పలకలు, మధ్యలో కరెంటును పోనివ్వని రోధకం. అది ఎంత ఆవేశాన్ని పట్టుకోగలదన్నది మూడింటి మీద ఆధారపడుతుంది. పలకల వైశాల్యం పెరిగితే కెపాసిటెన్స్ పెరుగుతుంది. పలకల మధ్య దూరం తగ్గితే పెరుగుతుంది. మధ్యనున్న పదార్థపు రోధక స్థిరాంకం ఎక్కువైనా పెరుగుతుంది. 1745, 46 ప్రాంతంలో జర్మనీలో ఎవాల్డ్ వాన్ క్లీస్ట్, నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో పీటర్ వాన్ ముషెన్‌బ్రూక్ ఎవరికి వారు తయారుచేసిన లైడెన్ జాడీలో ఆ రోధకం గాజు. రేడియోలు వచ్చేసరికి గాజు స్థానంలోకి అభ్రకం వచ్చింది.

మైకా అన్నా, అభ్రకం అన్నా, పల్లెల్లో కాకిబంగారం అన్నా ఒకటే. దీన్ని రేకులు రేకులుగా విడదీయవచ్చు. వేడికి తట్టుకుంటుంది, విద్యుత్తును అడ్డుకుంటుంది, ఏళ్లు గడిచినా గుణం మారదు. రేడియో కెపాసిటర్‌కు ఇంతకన్నా ఏం కావాలి? ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ప్రపంచానికి కావలసిన రేకు అభ్రకంలో అధిక భాగం భారతదేశం నుంచే వెళ్లేది. అప్పటి బీహార్‌లోని కోడర్మా ప్రాంతపు ఎర్రజాయ అభ్రకం ఒకవైపు, నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం పరిసరాల ఆకుపచ్చజాయ అభ్రకం మరోవైపు. గనుల్లోంచి వచ్చిన దిమ్మలను కూలీలు కత్తితో పొరలుగా చీల్చి, మరకలను బట్టి రకాలుగా వేరుచేసేవారు. ఆ చేతిపని నైపుణ్యానికి యంత్రం ప్రత్యామ్నాయం కాలేకపోయింది.

రెండో ప్రపంచయుద్ధంలో ప్రతి యుద్ధవిమానానికీ, ఓడకూ, ట్యాంకుకూ రేడియో కావలసి వచ్చింది. సముద్రమార్గాల్లో జలాంతర్గాముల భయం. అభ్రకం సరఫరా ఆగిపోతే ఏమిటన్న బెంగ అన్ని పక్షాల్లోనూ ఉంది. ప్రత్యామ్నాయం కోసం వెతుకులాట మొదలైంది. అమెరికా, సోవియట్ యూనియన్, జపాన్ దేశాల్లో శాస్త్రవేత్తలు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే 1940ల మొదట్లో ఒకే పదార్థం దగ్గరకు చేరారు. అది బేరియం టైటనేట్.

అభ్రకం రోధక స్థిరాంకం 6 చుట్టూ ఉంటుంది. బేరియం టైటనేట్‌ది వెయ్యి దాటుతుంది. తగిన కలపడాలు చేస్తే కొన్ని వేలకు వెళ్తుంది. ఈ తేడా ఎంతటిదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 25 మైక్రాన్ల మందం ఉన్న అభ్రకపు రేకుతో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ చేయాలంటే దాదాపు అర చదరపు మీటరు రేకు కావాలి. అంటే ఓ మోస్తరు కిటికీ తలుపంత. ఇప్పుడు అదే 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఉన్న నలుసులో దొరుకుతోంది.

ఈ గుణం ఎక్కడినుంచి వచ్చింది? బేరియం టైటనేట్ స్ఫటికంలో ఆక్సిజన్ అయాన్లు ఒక పంజరంలా అమరి ఉంటాయి. ఆ పంజరం నడుమ టైటానియం అయాన్ ఉంటుంది. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువన అది సరిగ్గా మధ్యలో కుదురుకోదు, ఒక పక్కకు ఒరుగుతుంది. ధనావేశం ఒక వైపు, రుణావేశం మరో వైపు జరిగినట్టవుతుంది. బయటినుంచి వోల్టేజి ఇస్తే ఈ ఒరుగుళ్లన్నీ దానికి స్పందించి తిరుగుతాయి. పలకల మీద మరింత ఆవేశం చేరడానికి వీలు కలుగుతుంది. అభ్రకంలోని అణువులు ఇంత సులువుగా కదలవు.

యుద్ధం నడుస్తుండగానే, 1944లో, జపాన్‌లోని క్యోటో నగరంలో అకిరా మురాటా అనే యువకుడు సెరామిక్ కెపాసిటర్ల పని మొదలుపెట్టాడు. ఆయనది కుండలు, పింగాణీ ఇన్సులేటర్లు చేసే కుటుంబం. యుద్ధం ముగిశాక క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన తెత్సురో తనాకా ప్రోద్బలంతో బేరియం టైటనేట్ వైపు మళ్లాడు. పింగాణీ బట్టీ మీద పెరిగిన ఆ సంస్థే ఇవాళ ప్రపంచ ఎంఎల్‌సీసీ మార్కెట్‌లో దాదాపు 40 శాతం వాటా ఉన్న మురాటా. ఇటు గూడూరు వైపు రేడియో కెపాసిటర్ల గిరాకీ క్రమంగా తరిగిపోయింది. అభ్రకానికి వేరే వాడకాలు మిగిలాయి, ఇప్పటికీ తవ్వుతున్నారు. కానీ ఎలక్ట్రానిక్స్‌కు అది లేనిదే గడవదన్న కాలం మళ్లీ రాలేదు.

పూతరేకుల పద్ధతి

ఆత్రేయపురం పూతరేకును ఊహించుకుంటే ఎంఎల్‌సీసీ తయారీ సగం అర్థమైనట్టే. బియ్యపు పిండిని పలచగా జారుగా కలిపి వేడి కుండ మీద పూస్తే కాగితంకన్నా పలచని రేకు వస్తుంది. వాటి మధ్య నెయ్యి, చక్కెర వేసి పొరలుగా మడుస్తారు. ఇక్కడ బియ్యపు పిండికి బదులు బేరియం టైటనేట్ పొడి. దాన్ని ద్రావణి, జిగురుతో కలిపి ప్లాస్టిక్ ఫిల్ము మీద మైక్రాన్ మందంలో పూసి ఆరబెడతారు. దానిపై నెయ్యికి బదులు నికెల్ లోహపు పేస్టును ముద్రిస్తారు. ఇలాంటి రేకులను వందల సంఖ్యలో ఒకదానిమీద ఒకటి పేర్చి, అదిమి, చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. నికెల్ పొరలు ఒకటి విడిచి ఒకటి కుడి అంచుకూ ఎడమ అంచుకూ తేలేలా ముద్రణ ఉంటుంది. తర్వాత జిగురును నెమ్మదిగా కాల్చేసి, వెయ్యి డిగ్రీలకు పైబడిన కొలిమిలో ముక్కలను కాలుస్తారు. చివర్లకు రాగి, నికెల్, తగరం పూత వేస్తే కెపాసిటర్ సిద్ధం.

పూతరేకుతో పోలిక ఇక్కడితో ఆపాలి, ఎందుకంటే అసలు కష్టం ఆ తర్వాతే. పొర మందాన్ని సగం చేస్తే ఏమవుతుంది? ఒక్కో పొర కెపాసిటెన్స్ రెట్టింపవుతుంది. అదే ఎత్తులో పట్టే పొరల సంఖ్య కూడా రెట్టింపవుతుంది. మొత్తం మీద నాలుగు రెట్లు. పరిశ్రమ యావత్తూ మందం తగ్గించడం వెంట పడింది ఈ లెక్క కోసమే. ఇప్పుడు మేలురకం ఎంఎల్‌సీసీల్లో పొర మందం అర మైక్రాన్ దాకా దిగింది. మనిషి వెంట్రుక మందంలో అలాంటివి నూటికి పైగా పడతాయి. కొన్నింటిలో పొరలు వెయ్యి దాటుతాయి.

అర మైక్రాన్ పొర దెబ్బతినకుండా ఉండాలంటే దాని మందంలో కనీసం నాలుగైదు స్ఫటిక రేణువులైనా ఉండాలి. అంటే ఒక్కో రేణువు 100 నానోమీటర్ల దరిదాపుల్లో, అన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండాలి. ఒక్క పెద్ద రేణువు పడినా ఆ చోట పొర బలహీనమై షార్ట్ అవుతుంది. దుకాణంలో రోజిన్ కరిగేది అలాంటి చోటే. పైగా ఇంకో చిక్కు. రేణువు మరీ చిన్నదైతే టైటానియం అయాన్ ఒరగడం తగ్గుతుంది, రోధక స్థిరాంకం పడిపోతుంది. పొర పలచబడాలంటే రేణువు చిన్నది కావాలి, రేణువు చిన్నదైతే బేరియం టైటనేట్ గొప్పతనమే పోతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే ఒక్కో కంపెనీ దశాబ్దాలుగా కాపాడుకుంటున్న రహస్యం. పేటెంట్లు చదివితే దిక్కు తెలుస్తుంది, దారి తెలియదు.

కొలిమి కథ మరొకటి. 1990ల దాకా లోపలి పొరలకు పల్లాడియం, వెండి ఎక్కువగా వాడేవారు. పల్లాడియం గాలిలో కాల్చినా తుప్పు పట్టదు. కానీ 2001 మొదట్లో దాని ధర ఔన్సుకు వెయ్యి డాలర్లు దాటింది. నికెల్ అయితే చవక. అయితే గాలిలో కాలిస్తే నికెల్ ఆక్సైడ్‌గా మారిపోతుంది, అందుకని ఆక్సిజన్ లేని కొలిమి కావాలి. ఆక్సిజన్ లేకపోతే బేరియం టైటనేట్ తనలోని ఆక్సిజన్‌ను వదులుకుని రోధక గుణం పోగొట్టుకుంటుంది. నికెల్‌కు గిట్టేది సెరామిక్‌కు గిట్టదు. మాంగనీసు వంటివి కొద్దిగా కలిపి, కాల్చే వాయువులో ఆక్సిజన్ పాళ్లను అతి జాగ్రత్తగా నియంత్రించి, చివర్లో కొంత ఆక్సిజన్ తిరిగి పట్టించి జపాన్ కంపెనీలు దీన్ని సాధించాయి. మన్నిక పెరగడానికి డిస్ప్రోసియం, హోల్మియం, యిట్రియం వంటి అరుదైన మృత్తికా మూలకాలు కలుపుతారు. కాలేటప్పుడు నికెల్ ఒక ఉష్ణోగ్రత దగ్గర, సెరామిక్ మరో ఉష్ణోగ్రత దగ్గర కుంచించుకుంటాయి. ఆ తేడాకు పొరలు విడిపోకుండా నికెల్ పేస్టులోనే కాస్త బేరియం టైటనేట్ పొడి కలుపుతారు. వంట తెలిసిన వాళ్లకు ఇది వింతగా అనిపించదు.

ఇంత చేసినా దీనికి వంకలు లేకపోలేదు. పెట్టె మీద 10 మైక్రోఫారడ్లని రాసి ఉన్నా, వోల్టేజి ఎక్కిస్తున్న కొద్దీ ఎక్కువ కెపాసిటెన్స్ రకాల్లో అది పడిపోతుంది, కొన్ని సందర్భాల్లో సగానికన్నా తక్కువకు. ఒరిగిన అయాన్లన్నీ వోల్టేజి బిగింపులో ఇరుక్కుపోయి ఇక కదలలేకపోవడమే కారణం. కొత్తగా డిజైన్ నేర్చుకునే ఇంజినీర్లు తరచూ పడే గోతి ఇది. మరొకటి, బేరియం టైటనేట్‌కు పీజోవిద్యుత్ గుణం ఉంది. వోల్టేజి మారితే ఒళ్లు విరుచుకుంటుంది. రాత్రి నిశ్శబ్దంలో ల్యాప్‌టాప్ నుంచి సన్నని కీచుమన్న కూత వినిపిస్తే, అది చాలాసార్లు బోర్డును కంపింపజేస్తున్న ఈ నలుసుల పాటే.

గిరాకీ ఎక్కడినుంచి

కెపాసిటర్లు చిన్నవవుతున్నాయంటే తక్కువ కావాలని అనిపిస్తుంది. జరుగుతున్నది దీనికి వ్యతిరేకం. చిన్నవి కావడం వల్లే ఎక్కువ పట్టించే వీలు దొరికింది. 2024లో మురాటా ప్రకటించిన కెపాసిటర్ పొడవు 0.16 మిల్లీమీటర్లు, వెడల్పు 0.08 మిల్లీమీటర్లు. ఉప్పు రేణువు దీనికన్నా పెద్దది.

ఫోన్లలో 4జీ, 5జీ అంటూ ఒక్కో తరానికి రేడియో బ్యాండ్లు పెరిగాయి, ప్రతి బ్యాండుకూ వడపోతలు కావాలి. కారు సంగతి వేరు. పాతకాలపు కారులో ఎలక్ట్రానిక్స్ అంటే రేడియో, మరికొన్ని. ఇప్పుడు బ్రేకులు, స్టీరింగ్, కెమెరాలు, బ్యాటరీ నిర్వహణ అన్నిటికీ ఒక్కో కంట్రోల్ యూనిట్. ఇంజిన్ పక్కన వేడికీ, గతుకుల రోడ్డు కుదుపులకూ తట్టుకోవాలి. బోర్డు కాస్త వంగితే చాలు, పెళుసైన సెరామిక్ చిట్లుతుంది. అందుకే కారు రకం ఎంఎల్‌సీసీ ఫోను రకం కన్నా పెద్దది, ఖరీదైనది, చేయడం కష్టం.

అన్నిటికన్నా వేగంగా పెరుగుతున్నది మాత్రం కృత్రిమ మేధ సర్వర్ల గిరాకీ. ఆ చిప్‌లలో ఒక్కోటి 700 వాట్లు తింటుంది. ఇంట్లో టన్నున్నర ఏసీ 1500 వాట్లకు కాస్త అటూఇటూ వాడుతుంది కదా, ఇదేం పెద్ద సంగతి అనిపించవచ్చు. కానీ ఏసీకి వచ్చేది 230 వోల్టులు, దాని గుండా పారే కరెంటు 7 ఆంపియర్లు. చిప్ పనిచేసేది ఒక వోల్టుకన్నా తక్కువలో. 0.8 వోల్టుల దగ్గర 700 వాట్లంటే 875 ఆంపియర్లు. అంత కరెంటు, అదీ క్షణక్షణానికీ హెచ్చుతగ్గులతో. ఆ చిప్ చుట్టూ, అడుగున ఎన్ని ట్యాంకులు ఉండాలో ఊహించవచ్చు. మామూలు సర్వర్‌తో పోలిస్తే వీటికి ఎంఎల్‌సీసీలు ఎన్నో రెట్లు ఎక్కువ పడతాయి.

ఇంత గిరాకీకి సరఫరా చేసేది కొద్దిమందే. జపాన్‌లో మురాటా, తాయో యూడెన్, టీడీకే, దక్షిణ కొరియాలో శాంసంగ్ ఎలక్ట్రో మెకానిక్స్, తైవాన్‌లో యాగియో. చైనా కంపెనీలు వేగంగా పైకొస్తున్నాయి. 2018లో గిరాకీ ఒక్కసారిగా పెరిగినప్పుడు పెద్ద కంపెనీలు లాభం తక్కువున్న పెద్దసైజు రకాలను వదిలి చిన్నవాటి మీద దృష్టి పెట్టాయి. కొన్ని రకాల ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి, సరుకు కోసం నెలల తరబడి ఎదురుచూపులు తప్పలేదు. పైసల వస్తువు దొరక్క వేల రూపాయల యంత్రాలు అసెంబ్లీ లైనులో ఆగాయి. 2021 ఆగస్టులో జపాన్‌లోని ఫుకుయి ప్రాంతంలో ఉన్న ఒక పెద్ద మురాటా కర్మాగారం కొవిడ్ వ్యాప్తి వల్ల కొన్నాళ్లు మూతపడింది. ఆ వార్తకు ప్రపంచవ్యాప్తంగా ఫోన్లు, కార్ల కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు అరుదైన మృత్తికా మూలకాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. వాటిలో డిస్ప్రోసియం, యిట్రియం ఉన్నాయి. కెపాసిటర్‌లో వాటి పాళ్లు అతి స్వల్పమే, కాని అవి లేకుండా మన్నిక రాదు.

ముగ్గురాయి ఉంది, పొడి లేదు

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014-15లో 1.9 లక్షల కోట్ల రూపాయలుగా ఉన్న భారత ఎలక్ట్రానిక్స్ ఉత్పత్తి 2024-25 నాటికి 11.3 లక్షల కోట్లకు చేరింది. ఈ పెరుగుదలలో ఫోన్లది పెద్ద వాటా. తెలుగు నేల మీద తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లోనే ఫోన్ల అసెంబ్లీ మొదలుపెట్టింది. అయితే ఇక్కడ బిగించే ఫోనులోని వెయ్యి ఎంఎల్‌సీసీలూ రీళ్లలో చుట్టుకుని విదేశాల నుంచి వస్తాయి. మరమ్మతు దుకాణంలో మెకానిక్ తీసి పారేసిన నలుసు ఓడలోనో విమానంలోనో వచ్చిందే. దేశంలో కెపాసిటర్ల తయారీ అసలే లేదనుకుంటే పొరపాటు. కన్నూరులోని కెల్ట్రాన్ అల్యూమినియం రకాలు చేస్తోంది, నాసిక్‌లో ఫిల్ము రకాలు తయారవుతున్నాయి. పొరల సెరామిక్ దగ్గరికి వచ్చేసరికే పెద్ద ఖాళీ.

ఆ ఖాళీ నింపాలన్న ఉద్దేశంతో కేంద్ర మంత్రివర్గం 2025 మార్చి 28న ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీ పథకాన్ని ఆమోదించింది. అప్పటి కేటాయింపు 22,919 కోట్ల రూపాయలు. ఇందులో బోర్డు ఉపరితలం మీద అతికించే చిన్న విడిభాగాలకు, అంటే ఎంఎల్‌సీసీల కోవకు, అమ్మకాల మీదా పెట్టుబడి మీదా రెండువిధాలా ప్రోత్సాహకం ఇస్తారు. కెమెరా మాడ్యూల్ బిగించడానికి ఇచ్చేది అమ్మకాల మీద మాత్రమే. ఈ తేడా సరైనదే. ఎంఎల్‌సీసీ కర్మాగారానికి మొదటి రూపాయి రాబడి కనిపించేలోగా యంత్రాలు, కొలిములు, ధూళిరహిత గదుల మీద భారీగా ఖర్చవుతుంది.

ఈ పథకం కింద నెల్లూరు, తిరుపతి వైపు కొంత కదలిక వచ్చింది. నాయుడుపేటలో సిర్మా ఎస్‌జీఎస్ సంస్థ బహుళ పొరల సర్క్యూట్ బోర్డుల కర్మాగారాన్ని ప్రకటించింది. గూడూరు నుంచి నాయుడుపేట మీదుగా శ్రీసిటీకి జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లు కూడా ఉండదు. ఒకప్పుడు కెపాసిటర్ రేకు వెళ్లిన చోటికే ఇప్పుడు కెపాసిటర్లు అతికించే బోర్డు వస్తోంది. కెపాసిటర్ ఇంకా రాలేదు. మురాటా 2025లో చెన్నై దగ్గర ఒక కేంద్రాన్ని ప్రకటించింది, కానీ అది కెపాసిటర్లను ప్యాక్ చేసి పంపిణీ చేయడానికే.

ముడిసరుకు లేకనా అంటే కాదు. బేరియం టైటనేట్‌కు కావలసింది బేరియం, టైటానియం. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. ముగ్గురాయే బేరియానికి ఖనిజం. టైటానియం ఖనిజమైన ఇల్మనైట్ శ్రీకాకుళం నుంచి మొదలుకొని కోస్తా ఇసుక దిబ్బల్లో ఉంది. రెండూ ఒకే రాష్ట్రంలో. అయినా మంగంపేట ముగ్గురాయిలో అధిక భాగం చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలపడానికి విదేశాలకు వెళ్లిపోతుంది. ఖనిజానికీ, 100 నానోమీటర్ల ఏకరీతి పొడికీ మధ్య ఉన్నది రసాయనశాస్త్రం, ఏళ్ల అలవాటు. ఈ పొడిని ప్రపంచస్థాయిలో చేయగలిగిన కంపెనీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, పెద్ద ఎంఎల్‌సీసీ కంపెనీల్లో కొన్ని తమ పొడిని తామే చేసుకుంటాయి, బయట అమ్మవు. డిస్ప్రోసియం వంటి బరువైన అరుదైన మృత్తికలు మన తీరపు మోనజైట్‌లో తక్కువ. ఆ వెలితి మాత్రం నిజమైనది.

కాబట్టి ఎవరైనా ఇక్కడ ఎంఎల్‌సీసీ కర్మాగారం పెట్టినా, మొదట్లో పొడి దిగుమతి చేసుకుని, పెద్దసైజు, తక్కువ పొరల రకాలతో మొదలుపెట్టాల్సి రావచ్చు. ఎల్‌ఈడీ బల్బులు, ఫ్యాన్ల రెగ్యులేటర్లు, విద్యుత్ మీటర్లు వాడేవి అలాంటివే. 2018లో పెద్ద కంపెనీలు వదిలేసిందీ ఆ కోవనే. ఆ గిరాకీ దేశంలోనే ఉంది. అక్కడ చేయి తిరిగాక కారు రకాల వైపు వెళ్లవచ్చు.

కారు కంపెనీ తలుపు తట్టేలోగా ఏఈసీ-క్యూ200 అనే పరీక్షల వరుస దాటాలి. అందులో ఒకటి కెపాసిటర్‌ను గరిష్ఠ ఉష్ణోగ్రతలో, వోల్టేజి కింద ఏకధాటిగా 1000 గంటలు ఉంచడం. అంటే 42 రోజులు. పొడి మార్చినా, జిగురు మార్చినా, కొలిమిలో వాయువు పాళ్లు సవరించినా ఆ 42 రోజులు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి. పథకం గడువు ఆరేళ్లు.